కొత్త బండికి అడ్డం

“ఆర్‌సీ ఎక్కడెట్టినావో సెప్పు కనకా. మంచిగా అడుగుతన్నాను.”

“మంచిగా అడిగినా సెప్పను. సెడ్డగా అడిగినా సెప్పను.”

నా మొగుడు ఫల్గుణ ట్రంకుపెట్టె బోర్లించేశాడు. నా చీరలన్నీ నేలమీద కుప్పగా పడ్డాయి. బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. చోడిపిండి డబ్బా మూత తీసి లోపలికి తొంగిచూస్తే పిండి ఎగిరి మీసాలు తెల్లబడ్డాయి. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేదాన్ని. ఆ పొద్దు నవ్వు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

ఆయన వెతుకుతున్న రిజిస్ట్రేషను కార్డు ఎక్కడుందో మీకు చెబుతాను, ఎవరితోనూ అనకండి. నా బండిలోనే ఉంది. డ్రైవరు నెత్తిమీదుండే ఎండ అట్ట వెనకాల, రోజూ ఉండే చోటే. పోలీసులు చెయ్యెత్తితే తీసి చూపించడానికి అక్కడే ఉండాలి మరి. నాలుగేళ్లుగా ఆ బండి సంపాదన తింటున్న మనుషులకి ఆ మాత్రం తట్టలేదు. బండి తాళాలు రెండూ నా రొంటిన ఉన్నాయి.

“ఇచ్చీయే కోడలా,” అంది మా అత్త గురుబారి. గుమ్మంలో కూర్చుని, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. “ఇనప ముక్క కోసం ఇంత గొడవేటి? కొత్తదొచ్చింది కదా.”

“కొత్తదెవరికొచ్చిందత్తా?”

“ఇంటికొచ్చింది.”

“ఇంట్లో నాను లేనా?”

అత్త చుట్ట తీసి బూడిద దులిపింది.

వాకిట్లో కొత్త బండి నిలబడి ఉంది. బానెట్టు మీద ఎర్ర రిబ్బను పువ్వు. విశాఖపట్నం షోరూమునుంచి ఫణీంద్ర అనే ఆయన తెల్లారకముందే బయల్దేరి ఘాటీ ఎక్కించి తెచ్చాడు. కొత్తది ఇక్కడ దించి, పాతది ఎక్స్చేంజి కింద తోలుకుపోవాలి. ఆ పాతది నాది. మా నాన్న తన మిరియాల తోట మీద వచ్చింది నా చేతిలో పెడితే నా పేరున కొన్నది. పసుపు నంబరు ప్లేటు, నా లైసెన్సు. అరకు స్టేషను నుంచి బొర్రాకీ, కటికికీ, గాలికొండకీ నాలుగేళ్లుగా టూరిస్టుల్ని తిప్పుతున్నది నేను.

పోయిన నెల గాలికొండ మలుపులో నలుగురు టూరిస్టుల్ని దింపేశాను. తాగి, వెనక సీట్లోంచి నా జడ పట్టుకుని లాగారు. బండాపి, వాళ్ల సామాన్లు రోడ్డు పక్కన పెట్టి, వెనక్కి తిప్పుకుని వచ్చేశాను. తప్పు చేశానా? ఇప్పుడు దింపమన్నా దింపుతాను. వాళ్లు తాము దిగిన రిసార్టుకి ఫోను చేసి నామీద చెప్పారు. రిసార్టు మేనేజరు మా ఆయన్ని పిలిపించాడు. ఆడ డ్రైవరొద్దు, కొత్త మోడల్ బండీ మగ డ్రైవరూ అయితే ఏడాది పొడుగునా బండి పెట్టుకుంటాం అన్నాడు. మా ఆయనా, వాళ్లన్నా కాఫీ తోటలో గుసగుసలాడుకున్నారు. కొత్త బండి మా బావ మంగ్లు తోలాలట. నేను ఇంటి దగ్గర టూరిస్టులకి బొంగు చికెన్ వండాలట.

ఒక్కటి మాత్రం నాకు వింతగా ఉంది. పొద్దుట్నుంచీ ఆర్‌సీ అడుగుతున్నారు, తాళాలు అడుగుతున్నారు. బండి అమ్మాలంటే నా సంతకం కావాలి కదా. అది ఒక్కరూ అడగలేదు.

“మేడం, ఒక్కసారి వచ్చి చూడండి మేడం,” ఫణీంద్ర వాకిట్లోంచి పిలిచాడు. “చూడకుండానే వద్దంటే ఎలా?”

వెళ్లాను. ఎందుకెళ్లకూడదు? బండంటే నాకు ప్రాణం.

రెండూ పక్కపక్కన నిలబడితే ఒక ఇంటివాళ్లలా లేవు. పేరు అదే, కంపెనీ అదే. పాతది గుండ్రంగా, బుగ్గలతో, నవ్వుమొహంతో ఉంటుంది. కొత్తదాని కళ్లు సన్నగా సాగాయి. మూతి ముందుకి పెట్టుకుని ఎవరిమీదో కోపంగా ఉన్నట్టుంది. ఆ కోపం నాకు నచ్చింది, ఉన్నమాట చెప్పొద్దూ.

“పొడవు పెంచారు మేడం. వెనక కూర్చున్నవాళ్లు కాళ్లు చాపుకోవచ్చు. ఆరు ఎయిర్‌బ్యాగులు. పైన అద్దం తెరుచుకుంటుంది. రివర్సు తీస్తుంటే స్క్రీను మీద వెనకంతా కనిపిస్తుంది. మైలేజీ కూడా ఎక్కువ. మీ పాతదాంట్లో ఎయిర్‌బ్యాగులే లేవు.”

“రెండున్నాయి,” అన్నాను. “లేవనకండి.”

“సారీ మేడం. రెండున్నాయి.”

నేను మోకాళ్లమీద కూర్చుని బండి కింద చెయ్యి పెట్టాను. పాతదాని కింద నా రెండు పిడికిళ్లు ఒకదానిమీదొకటి పడతాయి, పైన ఒక వేలు సందు మిగులుతుంది. కొత్తదాని కింద రెండు పిడికిళ్లూ సరిగ్గా పట్టాయి, వేలు దూరలేదు. లేచి డిక్కీ తీసి చూశాను. డిక్కీ పెద్దదే. స్టెప్నీ మాత్రం నాలుగు చక్రాలకన్నా చిన్నది.

“ఇదేటండి, పిల్ల స్టెప్నీ ఎట్టినారు?”

“బరువు తగ్గించడానికి మేడం. అది వేసుకుని మెల్లగా దగ్గర్లో ఉన్న పంక్చరు షాపు దాకా వెళ్లొచ్చు.”

“మాకు దగ్గర్లో ఉన్న పంక్చరు షాపు సుంకరిమెట్టలో ఉందండి. ఈలోపు రెండు కొండలున్నాయి. ఇంజను?”

“మూడు సిలిండర్లు మేడం.”

“పాతదానికి నాలుగు.”

“అందుకే కదా మైలేజీ ఎక్కువ.”

“అయిదుగురు మనుషుల్నీ సామాన్నీ ఏసుకుని గాలికొండ ఎక్కితే అది ఎలాగుంటదో మీరెప్పుడైనా సూసినారా?”

ఫణీంద్ర నవ్వి ఊరుకున్నాడు. మంచివాడే పాపం, అబద్ధం చెప్పలేదు.

“దానికేటి తెలుసని అన్నీ సూపిత్తన్నారు బాబూ?” అన్నాడు మంగ్లు బావ, కొత్త బండి అద్దంలో జుట్టు సర్దుకుంటూ. “నాను సంత జీపు తోలినప్పుడు ఇది గౌనేసుకుని తిరిగే గుంట.”

బావ పాతికేళ్లు జీపు తోలాడు. సంత రోజు లోపల పదిహేనుమంది, టాపు మీద పనసకాయలు, వెనక మెట్టు మీద ఇంకో నలుగురు. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే. క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలియాలని చెప్పులు విప్పించి నేర్పాడు. వాలులో బండాపితే ముందు టైర్ల కింద రెండు రాళ్లు పెట్టమని, ఆ తరవాతే మిగతా పని చూసుకోమని నేర్పాడు. ఒక్క రాయి పెట్టి వచ్చేస్తే నెత్తిమీద మొట్టికాయ వేసేవాడు. అలాంటి మనిషి ఇలా మాట్లాడితే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తిరగనిచ్చాను, కారనివ్వలేదు.

“బావా, నువ్వే నేర్పినావు కదా నాకు.”

“నేర్పినాను. ఇల్లు గడవాలని నేర్పినాను. ఇప్పుడు గడుత్తంది.”

“అంటే ఇల్లు గడవనప్పుడు నాను డ్రైవర్ని, గడిసినప్పుడు వంటమనిషినా?”

“నీకేటి తక్కువ సేసినాం?” ఫల్గుణ గుమ్మంలోంచి అరిచాడు. మీసాల మీద పిండి ఇంకా అలాగే ఉంది. “నీడపట్టున కూకుని వండుకోమన్నాం. ఎండలో, వానలో, తాగుబోతుల మధ్య తిరగొద్దన్నాం. అది తప్పా?”

“తాగుబోతుల్ని దింపీడం నాకు తెలుసు. ఆళ్లని దింపినందుకే కదా నన్ను దింపుతన్నావు?”

ఆయన అరచేత్తో మీసాలు తుడుచుకున్నాడు.

“ఇనుకో,” అన్నాను. “బండి బాలేదని నాననలేదు. బాగుంది. వెనక ముగ్గురికీ బెల్టులున్నాయి, అత్తకి మోకాళ్లు ఆనవు, అన్నీ ఒప్పుకుంటాను. దాన్ని నానెందుకు తోలకూడదో అదొక్కటీ సెప్పు.”

దూరంగా రోడ్డు మీదనుంచి ఆడవాళ్ల పాట, కంచు గిన్నెల మోత వినిపిస్తోంది. ఇటుకల పండగ వారం అది. మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని కొండెక్కాలి. ఈ రోజుల్లో వేట పేరుకే, కొండమీద వండుకుని తిని దిగొస్తారు, అయినా ఎక్కాల్సిందే. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టి, పాడి ఆడి, వచ్చిన ప్రతి బండినీ ఆపి పండగ మామూలు పుచ్చుకుంటారు. ఊళ్లో తిరిగే మగవాడు కంటపడితే పేడనీళ్లు కొడతారు. ఆ వారం రోడ్డు మా ఆడవాళ్లది. ఊరి మగాళ్లంతా కొండెక్కితే మా ఇంట్లో ఇద్దరూ కారు కోసం ఉండిపోయారు.

“గొడవాపండి,” అంది అత్త, చుట్ట ఆర్పేసి లేస్తూ. “ముందు కిందకెల్లి జాకరమ్మకి కొబ్బరికాయ కొట్టొద్దాం. అందరూ ఎక్కండి. అమ్మోరి దగ్గరకెల్లొత్తే బుద్ధులు అయ్యే కుదురుతాయి.”

ఎవరి బుద్ధులో చెప్పలేదు. నేను ఎక్కాను. బావ దాన్ని ఎలా తోలతాడో చూడాలని ఎక్కాను.

బావ స్టీరింగు ముందు, పక్కన ఫణీంద్ర. వెనక ఒక కిటికీ దగ్గర అత్త ఒళ్లో కొబ్బరికాయతో, రెండో కిటికీ దగ్గర ఫల్గుణ. సన్నగా ఉంటానని నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. మా ఊరినుంచి తారు రోడ్డుకి దిగుడు అర కిలోమీటరు, రెండు మలుపులు. మొదటి మలుపుకి ముందు మంచినీళ్ల గొట్టం కోసం తవ్వి పూడ్చిన గట్టొకటి ఉంది. బావ జీపు మీదెళ్లినట్టు తిన్నగా ఎక్కించాడు. కింద గర్రుమని గీరుకుంది. ఫణీంద్ర కళ్లు మూసుకున్నాడు.

“సిన్న సప్పుడే,” అన్నాడు బావ.

గట్టు దాటాక వాలు మొదలైంది. బావ గేరు తీసి న్యూట్రల్‌లో పడేశాడు. నేను ముందు సీటు పట్టుకున్నాను.

జీపు డ్రైవర్లందరికీ ఉన్న జబ్బే ఇది. దిగుడొస్తే ఇంజను ఆపేసి, న్యూట్రల్‌లో వదిలేసి, డీజిలు మిగిలిందని మురిసిపోతారు. నాకూ నేర్పాడు. నేను మొదటి నెలలోనే మానేశాను.

“బాబూ, మైలేజీ మైలేజీ అన్నారు కదా,” అన్నాడు బావ ఫణీంద్రతో. “మా కొండోళ్ల మైలేజీ సూడండి.” అని స్టార్టు బటన్ నొక్కాడు. బండి ఆగలేదు.

“సార్, నడుస్తుంటే నొక్కకూడదు సార్.”

“ఇది కీ బండి కాదు కదా, గట్టిగా నొక్కాల,” అని బొటనవేలు దానిమీద పెట్టి నొక్కిపట్టాడు.

ఇంజను ఆగిపోయింది. ముందు స్క్రీను మీద ఎర్ర దీపాలు టపటపా వెలిగాయి. స్టీరింగు బిగుసుకుని బావ భుజాలు పైకి లేచాయి. బ్రేకు తొక్కాడు. జీపు అలవాటుకొద్దీ ఒకసారి, రెండోసారి, మూడోసారి కొట్టి కొట్టి తొక్కాడు. జీపుకి అలా తొక్కితేనే బ్రేకు పడుతుంది. ఇంజను ఆగిన ఈ బండికి అలా తొక్కితే ఉన్న బలం కాస్తా పోతుంది. నాలుగోసారికి పెడలు రాయిలా అయింది.

“కాలు దిగట్లేదు! ఒలమ్మో, కాలు దిగట్లేదు!”

రెండో మలుపు ఎలా తిరిగామో నాకిప్పటికీ తెలియదు. ఎదురుగా తారు రోడ్డు, దానికి అడ్డంగా వెదురు, వెదురు వెనక ఇరవైమంది ఆడవాళ్లు. చంకల్లో పిల్లలు. మమ్మల్ని చూసి ఆడుతూనే ఉన్నారు, ఆగుతాడులే అనుకుంటున్నారు.

నేను రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి పడ్డాను. చూడకుండానే చెయ్యి వేశాను. కొత్త బండిలో అన్నీ మార్చారు గానీ హ్యాండ్ బ్రేకు మార్చలేదు. పాతదాంట్లో ఎక్కడుందో అక్కడే ఉంది. కొన మీది బటన్ నొక్కిపట్టి, ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా లాగాను. ఒక్కసారే లాగితే వెనక టైర్లు పట్టేసి బండి అడ్డం తిరుగుతుందని నాకు తెలుసు.

“క్లచ్చు తొక్కి ఫస్టు గేరెయ్ బావా! ఏసి కాలు తీసీ!”

వేశాడు. బండి ఒక్క కుదుపు కుదిపి, వెనక టైర్లు కీచుమని, ఇంకో రెండు గజాలు జారి ఆగింది. బానెట్టు మీది రిబ్బను పువ్వు వెదురుకి తగిలి నలిగింది.

అత్త ఒళ్లోంచి కొబ్బరికాయ జారి నా కాళ్లమీద పడింది. బయట పాట ఆగిపోయింది.

ముందుగా తేరుకున్నది సోని. మా పక్కింటి పిల్ల, నాతోపాటు పదో తరగతి చదివింది. ఆ ఏడు వెదురు కట్టిన గుంపుకి తనే పెద్ద. నడుంమీద చెయ్యి పెట్టుకుని కిటికీ దగ్గరకొచ్చింది.

“మంగ్లు మావా, సంపేద్దామనుకున్నావేటి మమ్మల్ని?”

బావ ఇంకా రెండు చేతులతో స్టీరింగు పట్టుకునే ఉన్నాడు.

“అయినా మగోళ్లు ఊళ్లో ఏటి సేత్తన్నారు? ఏటకెల్లలేదేటి?” అంది. తరవాత వెనక్కి తిరిగి, “ఒలే భానూ, బకెట్టు తే!” అని కేకేసింది.

ఇంక ఆగుతారా! బావని దింపారు, ఫల్గుణని దింపారు, పేడనీళ్లు ఆ పక్కనుంచీ ఈ పక్కనుంచీ పడ్డాయి. సగం కొత్త బండి మీద పడింది. ఫణీంద్ర తెల్లచొక్కా పట్టుకుని సీట్లో ముడుచుకుపోయాడు.

“మీరు మా ఊరోళ్లు కాదు బాబూ, మీకు మాపీ,” అంది సోని. అందరూ గొల్లున నవ్వారు. భయపడ్డ నవ్వు అది, కొంతమంది నవ్వుతూనే పిల్లల్ని గట్టిగా అదుముకున్నారు.

నేను దిగి, రోడ్డు పక్కనున్న జాకరమ్మ రాయి దగ్గర కొబ్బరికాయ నేనే కొట్టి వచ్చాను. బావ కల్వర్టు గోడమీద తల దించుకుని కూర్చున్నాడు. మీసాల మీదనుంచి పేడనీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి లేవలేదు.

“కనకా,” అన్నాడు నేలకేసి చూస్తూ. “నువ్వు తోలు. నా సేతులు పనిసేత్తలేవు.”

ఎక్కి కూర్చున్నాను. సీటు ముందుకి జరుపుకున్నాను, అద్దం సర్దుకున్నాను, చెప్పులు విప్పాను. వాలులో ఆగిన బండిని ఎదురెక్కించాలంటే పాతదాంట్లో హ్యాండ్ బ్రేకూ, క్లచ్చూ, యాక్సిలేటరూ మూడూ ఒకేసారి ఆడించాలి. ఇది బ్రేకు వదిలాక కూడా రెండు క్షణాలు తనే వెనక్కి జారకుండా పట్టుకుంది. అబ్బ, అది బాగుంది. ఇంజను మాత్రం రెండో గేరులో ఆయాసపడింది. పాతదైతే అక్కడ పాట పాడుకుంటూ ఎక్కుతుంది. గొట్టం గట్టు దగ్గర ఆపి, బండిని ఏటవాలుగా తిప్పి, ఒక్కొక్క చక్రం ఎక్కించి దింపాను. కింద ఏమీ తగల్లేదు.

“తగల్లేదు!” అన్నాడు ఫణీంద్ర.

“తగలదు. తోలడం రావాల.”

వెనకనుంచి అత్త మెల్లగా నా భుజంమీద చెయ్యి వేసింది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమె నన్ను అలా ముట్టుకోవడం అదే మొదలు. ఫల్గుణ మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

వాకిట్లో బండి ఆపి, దిగి, అందరికీ వినబడేలా చెప్పాను.

“ఇప్పుడు నా మాటినండి. పాత బండిచ్చీమంటే ఇచ్చీత్తాను. నా సేత్తో సంతకమెడతాను. కొత్త బండి నా పేరున రాయాల, స్టీరింగు నా సేతిలో ఉండాల. రిసార్టోడు కాదంటే స్టేషను దగ్గరెట్టుకుని నా బేరం నానే సూసుకుంటాను. ఇట్టమేనా?”

“ఒప్పుకోరా,” అంది అత్త కొడుకుతో. “ఈ పొద్దు అది లేపోతే అందరం పోయేవోళ్లం.”

ఫల్గుణ నోరు విప్పేలోపే ఫణీంద్ర సంతోషంగా సంచీలోంచి ఫైలు తీసి బానెట్టు మీద పరిచాడు.

“మళ్లీ సంతకమెందుకు మేడం? మీ సంతకాలన్నీ అయిపోయాయి కదా. పోయిన వారమే మీ సార్ తెచ్చిచ్చారు. ఆర్‌సీ ఇస్తే చాలు. కొత్త బండి సార్ పేరున రిజిస్ట్రేషనుకి కూడా పంపేశాం.”

కాగితం తీసి చూశాను. పాత బండి అమ్ముతున్నవారు అన్నచోట నా పేరు. నేను పెట్టని సంతకం. ఒక్కచోట కాదు, మూడు చోట్ల. నాది చూసి చూసి, నేర్చుకుని పెట్టినట్టుంది.

ఆర్‌సీ కోసం బియ్యం డ్రమ్ములో వెతికిన మనిషి సంతకం ఎందుకు అడగలేదో అప్పుడు తెలిసింది.

“మేడం, నాకు తెలీదు మేడం,” అన్నాడు ఫణీంద్ర. మొహం పాలిపోయింది. “మీరే పెట్టారని సార్ చెప్పారు.”

“ఎవలెట్టినారు?” అన్నాను.

మాతో బండెక్కకుండా వెనకాల నడిచొచ్చిన బావ అప్పుడే వాకిట్లోకి అడుగుపెట్టాడు. కాగితం చూశాడు, తమ్ముడి మొహం చూశాడు.

“నాను కాదు కనకా,” అన్నాడు. “అమ్మోరి తోడు. నాకు తెలీదు.”

ఫల్గుణ పేడనీళ్ల చొక్కాతో అలాగే నిలబడ్డాడు.

“ఇంటికోసమే ఎట్టినాను,” అన్నాడు చివరికి. “ఆ రిసార్టోడు గడువెట్టినాడు. నిన్నడిగితే ఎట్టవు.”

“ఎట్టనని తెలిసే ఎట్టినావన్నమాట.”

“నీ మొగుణ్ని కానేటి? నీ పేరు నాను రాత్తే తప్పేటి?”

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు. ఇన్నేళ్లూ ఒకే కంచంలో తిన్నాం. జ్వరమొస్తే నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడు. ఆ మనిషి ఒక మూల కూర్చుని నా పేరు రాయడం నేర్చుకున్నాడని తలుచుకుంటే కోపంకన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది. ఈసారి కారనిచ్చాను. కారితే కారనీ, నేనేం తప్పు చేశాను?

కాగితం ఆయన చేతిలోనే పెట్టాను. రొంటినున్న తాళాలు తీసి నా బండెక్కాను. ఎండ అట్ట తిప్పితే ఆర్‌సీ నా ఒళ్లో పడింది. ఫల్గుణ దాన్ని చూశాడు, ఎక్కడినుంచి పడిందో కూడా చూశాడు.

“ఎక్కడికే?” అంది అత్త.

“రోడ్డు మీదికి.”

రెండో గేరులో, ఇంజను ఆపకుండా, వాలంతా దిగాను. సోని వాళ్లు దూరంనుంచి నా బండి గుర్తుపట్టి వెదురు లేపబోయారు.

“లేపొద్దు,” అని కేకేసి, మా ఊరి దారి తారు రోడ్డులో కలిసేచోట బండిని అడ్డంగా నిలబెట్టాను. అటు గోడ, ఇటు లోయ. ఇంక పైనుంచి ఏ బండీ దిగదు. కొత్తదీ దిగదు, దాన్ని తెచ్చినాయనా బండిమీద దిగలేడు. చేతికందిన రాయొకటి ముందు టైరు కింద పెట్టాను. కోపంలో రెండోది పెట్టడం మర్చిపోయాను.

“ఏటయిందే?” అంది సోని.

చెప్పాను. దాచుకోకుండా అందరిముందూ చెప్పాను. కంచు గిన్నెలు ఒక్కొక్కటే నేలమీదికి దిగాయి. భాను బకెట్టు నింపి తెచ్చి నా పక్కన నిలబడింది.

కాసేపటికి ఫల్గుణ నడుచుకుంటూ దిగాడు. చేతిలో కాగితం ఉంది. భాను బకెట్టు ఎత్తింది.

“ఆగవే,” అన్నాను. “అది సాలదు.”

ఫల్గుణ బండికి అవతల ఆగాడు.

“కనకా, ఇంటికి రా. ఇంట్లో మాటాడుకుందాం. ఊరిముందు పరువు తియ్యకు.”

“ఇంట్లోనే కదా నా సంతకమెట్టినావు. ఇంక ఇంట్లో ఏటీ ఒద్దు. ఆ కాగితం ఇక్కడే అందరికీ సదివినిపించు, ఎవలెట్టినారో నీ నోట్తో సెప్పు. లేదంటే ఇక్కడే సింపీ. రెండిట్లో ఒకటి అయ్యేదాకా బండి కదలదు.”

“సింపితే కొత్త బండి ఎనక్కెల్లిపోద్ది. కట్టింది పోద్ది. రిసార్టు పోద్ది.”

“పోనీ.”

“నాకేటి మిగుల్తాది మరి?”

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది. చెప్పలేదు. తనే చెబుతాడేమోనని చూశాను.

ఆయన వెనకాల మంగ్లు బావ దిగివస్తున్నాడు. తమ్ముడి దగ్గర ఆగుతాడనుకున్నాను. ఫల్గుణ కూడా అలాగే అనుకున్నాడు, “సెప్పరా అన్నా దానికి,” అన్నాడు. బావ ఆగలేదు. తమ్ముణ్ని దాటి వచ్చి నా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి ముందు టైర్లు చూశాడు. ఒకదాని కింద రాయి ఉంది, రెండోదాని కింద లేదు.

“ఎన్నిసార్లు సెప్పినాను నీకు?” అన్నాడు నాకేసి చూడకుండా.

రోడ్డు పక్కనుంచి పెద్ద రాయొకటి రెండు చేతులా ఎత్తి తెచ్చాడు. మోకాళ్లమీద కూర్చుని రెండో టైరు కింద పెట్టి, అరచేత్తో గట్టిగా కొట్టి బిగించాడు. తరవాత బండికి వీపు ఆనించి, మా వైపు నేలమీద చతికిలబడ్డాడు.

ఫల్గుణ కాగితం పట్టుకుని అవతలే నిలబడ్డాడు.